పట్టు ఎక్కడ జారింది? కొత్త సీజన్‌కు ముందు టైటాన్స్ డిఫెన్స్

2025 అక్టోబర్ 29న ప్రొ కబడ్డీ లీగ్‌లో ఫైనల్‌కు చేర్చే రెండో క్వాలిఫయర్‌లో తెలుగు టైటాన్స్ 45 పాయింట్లు చేసి ఓడిపోయింది. పుణెరి పల్టన్ 50 చేసింది. రెండు రోజుల తర్వాత జరిగిన ఫైనల్లో దబంగ్ ఢిల్లీ చేసింది 31 పాయింట్లే, అయినా కప్పు వాళ్లకే వెళ్లింది. ఎందుకంటే అదే పుణెను వాళ్లు 28 దగ్గర ఆపేశారు.

ఒక్క మ్యాచ్ పట్టుకుని జట్టు మీద తీర్పు చెప్పడం సరికాదు. నాకౌట్ మ్యాచ్‌లు కొన్ని తెగించి ఆడేవి, కొన్ని బిగబట్టి ఆడేవి. కానీ ఈ నాలుగు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే టైటాన్స్ అభిమానికి కడుపు కాలుతుంది. 45 తెచ్చిన రైడర్లను, అంటే కూతకు వెళ్లేవాళ్లను, ఎవరూ ఏమీ అనలేరు. కొత్త సీజన్ దగ్గరపడుతున్నప్పుడు అందరూ రైడర్ల ధరల గురించే మాట్లాడుకుంటారు గానీ, లెక్క తేలాల్సింది ఇటువైపు సగంలో, అంటే డిఫెన్స్‌లో. ఇక్కడ నిలబడే ఏడుగురిలో ఎవరు ఎవరి పక్కన ఉంటారు, ఆ ఇద్దరూ కలిసి ఎన్నాళ్ల నుంచి ఆడుతున్నారు అన్నదే అసలు ప్రశ్న.

గోదావరి డెల్టాలో ఈ మాట అర్థం కానివాళ్లు తక్కువ. సంక్రాంతికి హైస్కూలు గ్రౌండులోనో, దాళ్వాకు ఇంకా దమ్ము చేయని చేలోనో నేల చదును చేసి, నీళ్లు చల్లి, ముగ్గుపిండితో గీతలు గీసి కబడ్డీ ఆడిస్తారు. లైట్ల కింద జనం కూతకు వచ్చినవాణ్ణి చూస్తుంటే, ఒకప్పుడు ఆడి మానేసిన పెద్దాయన మాత్రం మూలన నిలబడ్డ కుర్రాడి కాళ్లు చూస్తుంటాడు. ఆ కుర్రాడి బరువంతా ముందు పాదం మీద ఉందా, వెనక మడమ లేచి ఉందా, ఒక చెయ్యి పక్కవాడి అరచేతిలో బిగిసి ఉందా, ఊరికే తగిలించి ఉందా. కూతగాడు నేలకు తాకీ తాకనట్టు కాలు చాపి వెనక్కి లాక్కుంటాడు. ఒకసారి, రెండోసారి. మూడోసారి నిజంగానే బరువు దాని మీద వేస్తాడు. ఆ అర క్షణంలో మూలవాడు కిందికి వంగి రెండు చేతులతో మడమ దొరకబుచ్చుకోవాలి. రెండోసారికే తొందరపడితే కూతగాడు కాలు లాగేసుకుని, వంగిన వీపు మీద చెయ్యి వేసి వెళ్లిపోతాడు. ‘చచ్చాడ్రా’ అని గట్టు మీది జనం అరుస్తారు.

మడమ దొరికినంత మాత్రాన పని అయిపోదు. పక్కవాడు అదే క్షణంలో నడుం మీద పడకపోతే, బలమైన రైడర్ మడమ పట్టినవాణ్ణి ఈడ్చుకుంటూ నడిమి గీతకు చెయ్యి చాపేస్తాడు. అప్పుడు మూలవాడు బాగా పట్టినట్టే, అయినా పాయింట్ అటు వెళ్తుంది. పట్టు నిలిచినా స్కోరుకార్డులో ఆ పాయింట్ ఒక్కరి ఖాతాలోకే చేరుతుంది. నడుం పట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు. డిఫెన్స్‌ను అంకెలతో మాత్రమే చూసేవాళ్లకు మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది.

కోర్టు కొలతలు కూడా ఇదే చెబుతాయి. ఒక్కో జట్టుకు దక్కే సగం 6.5 మీటర్ల లోతు, లాబీలతో కలిపి 10 మీటర్ల వెడల్పు. నడిమి గీత నుంచి రైడర్ దాటి తీరాల్సిన బాక్ లైన్ 3.75 మీటర్లు, అక్కడి నుంచి మీటరు అవతల అదనపు పాయింట్ ఇచ్చే బోనస్ గీత, దాని వెనక 1.75 మీటర్ల పట్టీ. బోనస్ మీద కాలు పెట్టిన రైడర్ తిరిగి ఇంటికి చేరాలంటే 4.75 మీటర్లు. చురుకైనవాడికి అది రెండు అంగలు, ఒక దూకు. కార్నర్, అంటే మూలవాడి పని వాణ్ణి ఆ వెనక పట్టీలో ఒక్క క్షణం ఆలస్యం చేయడం. మూలకూ మధ్యకూ నడుమ నిలబడే కవర్ పని ఆ 4.75 మీటర్ల దారిని మూసేయడం, డ్యాష్ కొట్టి బయటికి నెట్టడమో, ఎదురుగా నిలబడి బ్లాక్ చేయడమో. ఒకరి పని సగంలో ఆగితే రెండోవాడి పనికి విలువే లేదు. అందుకే కార్నర్, కవర్ ఆటగాళ్లను విడివిడిగా కాకుండా జంటలుగానే అంచనా వేయాలి.

దీనికి టైటాన్స్ చరిత్రలోనే చేదు సాక్ష్యం ఉంది. 2022లో 9వ సీజన్‌కు టైటాన్స్ పోగేసిన డిఫెన్స్‌ను కాగితం మీద చూసి అభిమానులు పండగ చేసుకున్నారు. రవీందర్ పహల్, సుర్జీత్ సింగ్, పర్వేశ్ భైన్స్వాల్, విశాల్ భరద్వాజ్. నలుగురూ లీగ్‌లో పేరు మోసినవాళ్లు. విశాల్ అంతకుముందు టైటాన్స్‌కే ఆడి, ఎడమ కార్నర్ నుంచి యాంకిల్ హోల్డ్‌తో, అదే మడమ పట్టుతో, పేరు తెచ్చుకున్నవాడు. సీజన్ ముగిసేసరికి 22 మ్యాచ్‌లలో 2 గెలుపులు, 20 ఓటములు. పట్టికలో అట్టడుగు స్థానం.

నలుగురికీ ఆట రాదనగలమా? కానే కాదు. పర్వేశ్ గుజరాత్‌కు ఆడినన్నాళ్లూ పక్కన రెండో కవర్లో సునీల్ కుమార్ ఉండేవాడు. ఆ ఇద్దరూ సీజన్ల తరబడి కలిసి ఆడారు. ఒకరు కదిలితే రెండోవాడు చూడకుండానే కదిలేంత అలవాటు. టైటాన్స్‌కు పర్వేశ్ వచ్చాడు, సునీల్ రాలేదు. వేలంలో మనిషిని కొనవచ్చు, ఆ అలవాటును కొనలేం. రవీందర్‌ది ఎదురెళ్లి మీద పడే ఆట. అతని వెనక ఎప్పుడు చేరాలో పక్కవాడికి తెలిసినప్పుడే ఆ దూకుడు పాయింట్ తెస్తుంది, లేకపోతే ఎదుటి జట్టుకు కానుక అవుతుంది. నాలుగు వేర్వేరు చోట్ల నేర్చిన నాలుగు రకాల ఆట ఒక్క శిక్షణ శిబిరంతో ఒకటి కావడం కష్టం.

అదే సీజన్‌లో సునీల్ జైపుర్ పింక్ పాంథర్స్‌కు వెళ్లాడు. అక్కడ ఎడమ కార్నర్లో అంకుశ్ అనే కుర్రాడు. లీగ్‌లో అతనికి అదే మొదటి సీజన్. సీజన్ చివరికి అందరికంటే ఎక్కువ టాకిల్ పాయింట్లు, అంటే పట్టుతో వచ్చేవి, అతనివే, 89. ఫైనల్లో పుణెను 33-29తో ఓడించి కప్పు జైపుర్ ఎత్తుకుంది. కొత్త కుర్రాడు అంతగా వెలిగాడంటే అతని ప్రతిభ ఒక కారణం, పక్కన నడిపించేవాడు దొరకడం రెండో కారణం. ఈ రెండో కారణం ఏ వేలం జాబితాలోనూ కనబడదు.

ఇంకో సంగతి మరీ బాధ కలిగిస్తుంది. టైటాన్స్ రంగులో 20 ఓటములు చూసిన సుర్జీత్ సింగ్, 2025లో ఢిల్లీ డిఫెన్స్‌లో ఉన్నాడు. పక్కన ఇరాన్ వీరుడు ఫజల్ అత్రాచలి. ఫైనల్ చివరి క్షణాల్లో పుణె రైడర్ ఆదిత్య షిండేను ఫజల్ పట్టేయడంతో కప్పు ఖాయమైంది. మూడేళ్లు వయసు పెరిగిన సుర్జీత్, చుట్టూ ఉన్న మనుషులు మారేసరికి చాంపియన్ జట్టు మనిషి అయ్యాడు.

ఫజల్ గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేం. 2018 జకార్తా ఆసియా క్రీడల సెమీఫైనల్లో అతనున్న ఇరాన్ జట్టు 27-18తో భారత్‌ను ఓడించిన రోజు కబడ్డీ చూసేవాళ్లెవరూ మరిచిపోరు. 1990లో ఆసియా క్రీడల్లో కబడ్డీ మొదలైనప్పటి నుంచి అప్పటిదాకా పురుషుల స్వర్ణం మరో దేశానికి పోలేదు. లీగ్‌లో వెలిగిపోతున్న రైడర్లున్న భారత జట్టు ఆ రోజు 18 పాయింట్లకే పరిమితమైంది. ఇరాన్ వాళ్లు కొత్త పట్టు ఏదీ కనిపెట్టలేదు. చెయ్యీ చెయ్యీ కలిపి కట్టిన గొలుసు తెగకుండా నిలబడ్డారు, అంతే. రైడర్ ఎటు తిరిగినా ఇద్దరు ఒక్కసారిగా మీదికి వచ్చారు.

మళ్లీ టైటాన్స్‌కు వద్దాం. 8, 9, 10 సీజన్లు కలిపి 66 మ్యాచ్‌లలో గెలిచినవి 5. మూడు సార్లూ చిట్టచివరి స్థానం. ఈ పతనాన్ని డిఫెన్స్ ఒక్కదాని మెడకు చుట్టడం మాత్రం అన్యాయం. కబడ్డీలో పాయింటు వస్తేనే ఔటైనవాడు లోపలికి వస్తాడు. ఊళ్లో భాషలో చెప్పాలంటే, చచ్చినవాణ్ణి బతికించేది పక్కవాడు తెచ్చే పాయింటే. బోనస్ పాయింట్‌తో స్కోరు పెరుగుతుంది గానీ మనిషి బతకడు. 8వ సీజన్‌లో సిద్ధార్థ్ దేశాయ్ గాయంతో తప్పుకున్నాక టైటాన్స్‌కు మనుషుల్ని బతికించేవాడు కరవయ్యాడు. ఏడుగురితో కాయాల్సిన కోర్టును నలుగురితో కాయాల్సి వస్తే ఎంతటి కార్నర్ అయినా దిక్కులు చూస్తాడు. 10వ సీజన్‌లో ఇది తిరగబడింది. లీగ్ రికార్డుగా 2.60 కోట్లకు పైగా పెట్టి పవన్ సెహ్రావత్‌ను కొన్నారు. అతను పాయింట్లు తెస్తూనే ఉన్నాడు, ఇటు సగంలో కారిపోతూనే ఉన్నాయి. రెండే గెలుపులు. 11వ సీజన్‌లో కృష్ణకుమార్ హుడా కోచ్‌గా వచ్చాక 12 మ్యాచ్‌లు గెలిచి 7వ స్థానానికి చేరడం చిన్న మార్పు కాదు. ప్లేఆఫ్స్ కొద్దిలో తప్పిపోయాయి. 12వ సీజన్‌లో ఆ గడప కూడా దాటారు. కాబట్టి ఇప్పుడు అంచనా వేస్తున్నది పాతాళంలో ఉన్న జట్టును కాదు, కప్పుకు రెండు మెట్ల దూరంలో ఆగిన జట్టును. అందుకే మరింత జాగ్రత్తగా చూడాలి.

ఒక జట్టు డిఫెన్స్ అంటే నిజానికి మూడు డిఫెన్సులు. మ్యాట్ మీద ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు ఒకటి, నలుగురైదుగురు ఉన్నప్పుడు ఒకటి, ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు మరొకటి. నిండుగా ఉన్నప్పుడు ఎదుటివాడికి బోనస్ తీసుకునే అవకాశం ఉంటుంది. అది ఇచ్చేసి ఊరుకోవాలా, కాలు చాపిన క్షణంలో పట్టాలా అన్నది కార్నర్ విచక్షణ. మంచి కార్నర్ రెండు మూడు బోనస్‌లు వదిలేసి రైడర్ అలవాటు చదువుతాడు, నాలుగోసారి పడతాడు. ముగ్గురే మిగిలితే లెక్క పూర్తిగా వేరు. అప్పుడు పట్టిన పట్టుకు సూపర్ టాకిల్ కింద రెండు పాయింట్లు. కానీ ఉన్నవాళ్లు కూడా పోతే ఆలౌట్, ఎదుటి జట్టుకు అదనంగా రెండు. ఆ స్థితిలో ధైర్యం కంటే ఓపిక ముఖ్యం. సీజన్ గణాంకాల్లో ఈ మూడూ కలిపేసి ఒకే అంకెగా చూపిస్తారు. ఆ అంకెను నమ్మి డిఫెన్స్ బాగుంది, బాగోలేదు అనేయడం తొందరపాటు.

డూ ఆర్ డై రైడ్ల సంగతి కూడా ఇలాంటిదే. వరసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోదాంట్లో రైడర్ పాయింట్ తెచ్చి తీరాలి, లేదంటే ఔట్. అప్పుడు వచ్చేవాడు తెగించి లోపలికి వస్తాడు కాబట్టి పట్టు సులువవుతుంది. టాకిల్ పాయింట్లలో ఇలా వచ్చినవి ఎన్ని, మామూలు రైడ్‌లో స్టార్ రైడర్‌ను ఆపి తెచ్చినవి ఎన్ని అని విడగొట్టి చూస్తే డిఫెండర్ అసలు విలువ తెలుస్తుంది. దాంతోపాటు ఎన్ని ప్రయత్నాలు చేస్తే అన్ని పాయింట్లు వచ్చాయో చూడాలి. ఎనిమిది సార్లు మీద పడి నాలుగు పట్టినవాడు, నాలుగే ప్రయత్నాల్లో మూడు పట్టినవాడి కంటే పెద్ద అంకెతో కనిపిస్తాడు. కానీ మొదటివాడు జారిన ప్రతిసారీ తను ఔటవ్వడమే కాకుండా, సాయానికి వచ్చినవాణ్ణి కూడా తీసుకుపోయి ఉంటాడు.

ఇక అందరూ మరిచిపోయే విషయం. డిఫెన్స్ చేసే ఏడుగురిలో ఇద్దరో ముగ్గురో రైడర్లే. వాళ్లు మధ్యలోనో, కార్నర్ పక్కనో నిలబడి గొలుసులో చెయ్యి కలపాల్సిందే. అలసిపోయి వచ్చిన రైడర్ ఆ చోట మనసు పెట్టకపోతే ఎదుటి రైడర్ నేరుగా అతని మీదికే వెళ్తాడు. అతను ఔటైతే ఒక దెబ్బకు రెండు నష్టాలు, ఇటు గొలుసు తెగింది, అటు కూతకు వెళ్లేవాడు బెంచీ ఎక్కాడు.

12వ సీజన్ 2025 ఆగస్టు 29న విశాఖపట్నంలో మొదలైంది. ఆగస్టు అంటే డెల్టాలో అందరి చెవులూ ధవళేశ్వరం వైపే ఉండే కాలం. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వరదకు ముందే ఏటిగట్టు మీద నడుచుకుంటూ వెళ్లే లస్కర్లు గట్టు ఎంత ఎత్తుగా ఉందో చూడరు, అది అందరికీ కనిపించేదే. ఎలుక బొరియ, ఎండ్రకాయ కలుగు, ఊరి వైపు వాలులో ఎండాకాలంలోనూ ఆరని చెమ్మ, వీటిని చూస్తారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన వరదను చూసినవాళ్లకు గండి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మైలు పొడవున గట్టు గట్టిగా ఉన్నా నీళ్లకు ఒక్క బెత్తెడు చోటు చాలు. కబడ్డీలో మంచి రైడర్ చేసేదీ అదే. మొదటి ఐదారు రైడ్లు పాయింట్ కోసం వెళ్లడు, చెమ్మ ఎక్కడుందో వెతుకుతాడు.

ఆ చెమ్మను అతనికంటే ముందే మనం వెతకాలంటే, మొదట చూడాల్సింది వేలం తర్వాత ఏ జంటలు మిగిలాయన్నది. నిలబెట్టుకున్న ఆటగాళ్ల జాబితాలో ఒక కార్నర్ ఉండి పక్కనుండే కవర్ లేకపోతే ఆ సగం మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సిందే. వేలంలో వేరే జట్టు పెట్టిన చివరి ధరకే తమ పాత ఆటగాణ్ణి తిరిగి తీసుకునే ఫైనల్ బిడ్ మ్యాచ్ కార్డు చేతిలో ఉన్నప్పుడు దాన్ని పేరున్న రైడర్ కోసం వాడతారా, పోయిన సీజన్‌లో కుదిరిన కవర్‌ను తిరిగి తెచ్చుకోవడానికి వాడతారా అన్నది యాజమాన్యం ఆలోచనను బయటపెడుతుంది. కవర్ కోసం వాడిన జట్టును తక్కువగా చూడకూడదు.

తర్వాత బెంచీ. లీగ్ దశ రెండు నెలలు సాగే పరుగు. కార్నర్ ఆటగాడికి మోకాలు, భుజం దెబ్బ తగలడం మామూలే, అతని పని అలాంటిది. రెండో కార్నర్ అంటూ ఒకడు సిద్ధంగా లేకపోతే కవర్‌ను తెచ్చి మూలన నిలబెడతారు, దాంతో రెండు చోట్లా పలచబడుతుంది. ఆ రెండో కార్నర్ పెద్ద ధర పలికినవాడై ఉండాల్సిన పని లేదు. మొదటి కార్నర్‌తో పాటు శిబిరంలో రోజూ ప్రాక్టీస్ చేసినవాడైతే చాలు.

మూడోది, మాట ఎవరిది? రైడర్ కూత పెట్టిన 30 సెకన్లలో ఏడుగురిలో ఒక్కరి గొంతే వినబడాలి. ‘ఆగు’, ‘వదులు’, ‘ఇప్పుడు’ అని. ఢిల్లీకి ఫజల్ ఇచ్చిందాంట్లో పట్టు ఎంతో మాటా అంతే. ఇద్దరు చెరో మాట చెబితే గొలుసు సగం ముందుకు, సగం వెనక్కి పోతుంది. టీవీలో చూసేవాళ్లకు ఈ మాటలు సరిగా వినబడవు గానీ, పట్టు జారిన వెంటనే ఆటగాళ్లు ఎవరి ముఖం చూస్తున్నారో గమనిస్తే నాయకుడెవరో ఇట్టే తెలిసిపోతుంది. ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటుంటే మాత్రం ఆ జట్టు గురించి టెన్షన్ పడాల్సిందే.

వీటన్నిటికీ జవాబు మొదటి నాలుగైదు మ్యాచ్‌లలోనే దొరుకుతుంది. గెలుపోటములు పక్కన పెట్టి, రెండో సగంలో పదో నిమిషం తర్వాత, స్కోరు దగ్గరదగ్గరగా ఉండి, టైటాన్స్ ముగ్గురే మిగిలి, ఎదుటి స్టార్ కూత పెడుతూ గీత దాటి వచ్చే క్షణం కోసం కాచుకుని ఉండాలి. ఆ క్షణంలో రైడర్ వైపు చూడొద్దు. ఎడమ మూలన ఉన్నవాడి కుడి చెయ్యి చూడాలి. అది గాల్లో ఊగుతోందా, పక్కవాడి వేళ్లలో బిగిసి ఉందా అని.